గిల్లేది ఒకటి, ఏడ్చేది ఇంకొకటి

(రాజమహేంద్రవరంలో ఒక అపార్ట్‌మెంట్ వాళ్ల ఆదివారం సమావేశంలో, ఇళ్లకీ చిన్న ఆఫీసులకీ నెట్‌వర్క్ పనులు చేసే ఒకాయన మాట్లాడినదానికి రాతప్రతి.)

అందరికీ నమస్కారమండీ. ఈ స్పీకరు డుగడుగడుగ అంటోందేంటి? దాని పక్కన ఎవరిదో ఫోనున్నట్టుంది, కాస్త తీయండి. ఆఁ, ఆగిపోయింది. నేను చెప్పాల్సిందంతా అయిపోయినట్టే, ఇక మీరు టిఫిన్‌కి వెళ్లొచ్చు. (నవ్వులు)

నవ్వులాటకి కాదు. చప్పుడొచ్చింది స్పీకర్లోంచి. తప్పు ఫోనుది. మనమంతా స్పీకరు వైపు చూశాం. ఇరవై ఏళ్లుగా ఇళ్లకి తిరుగుతున్నాను కదా, నేను చూసిన గొడవల్లో సగానికి సగం ఇలాంటివే. గిల్లేది ఒకటి, ఏడ్చేది ఇంకొకటి. ఏడ్చేదాన్ని తీసుకొచ్చి నా ముందు పెడతారు. "కంప్యూటర్ పాడైందండీ, కొత్తది కొనమంటారా?" అంటారు. దాని ఒంట్లో ఏ రోగమూ ఉండదు.

ఒకప్పుడు ఇంటికి ఒక కంప్యూటరు, దానికో వైరు. ఇప్పుడు మీ ఇంట్లో నెట్‌కి తగిలించినవెన్నో ఒకసారి లెక్కపెట్టండి. మనిషికో ఫోను, రెండు టీవీలు, లాప్‌టాప్, ప్రింటరు, గుమ్మం దగ్గర కెమెరా, పిల్లలు కొన్న రంగుల బల్బు, మొన్న మార్చిన ఏసీ. పదిహేను దాటుతాయి. ఇవన్నీ ఒకే ఇంట్లో ఉమ్మడి కాపురం చేస్తున్నాయి. ఉమ్మడి కాపురంలో తగువొస్తే ఎవరు మొదలెట్టారో తేల్చడం ఎంత కష్టమో మీకు నేను చెప్పాలా?

సరే, ఒక ఇంటి సంగతి చెబుతాను. ఊరు చెప్పను, పేర్లు చెప్పను. రిటైరైన మాస్టారు, ఆయన భార్య, కొడుకు, కోడలు. కోడలమ్మాయిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంటి నుంచే పని. మాస్టారు ఫోన్ చేశారు. "బాబూ, మధ్యాహ్నం అయ్యేసరికి నెట్ చచ్చిపోతోంది. టీవీలో చక్రం తిరుగుతూ ఉంటుంది. రాత్రి పదకొండు దాటాక మళ్లీ పోతుంది. అమెరికాలో మా పెద్దమ్మాయి అప్పుడే చేస్తుంది వీడియో కాల్." కంపెనీ వాళ్లకి కంప్లైంట్ పెడితే ఒక కుర్రాడు వచ్చి ఫైబర్ డబ్బా మార్చి వెళ్లాడు. తగ్గలేదు. ఇంకో కుర్రాడు వచ్చి ఫైబర్ వైరు చివర కత్తిరించి కొత్త కనెక్టరు వేశాడు. తగ్గలేదు. మాస్టారు సొంత డబ్బుతో కొత్త టీవీ కొన్నారు. అదీ తిరుగుతూనే ఉంది.

నేను వెళ్లింది సాయంత్రం నాలుక్కి. నెట్ బంగారంలా ఉంది. మన పనిలో ఇది మామూలే. డాక్టరు గుమ్మం తొక్కగానే పిల్లాడికి జ్వరం తగ్గిపోతుంది చూడండి, అలాగ. కోడలమ్మాయి వచ్చి, "అంకుల్, నాకైతే ఎప్పుడూ ప్రాబ్లం లేదు. పొద్దుట్నుంచీ మీటింగుల్లోనే ఉంటాను, ఒక్కసారి కూడా కట్ అవ్వలేదు" అంది. మాస్టారు మొహం చూడాలి. ఆయన చెప్పేదంతా అబద్ధమన్నట్టు అయిపోయింది. ఆ ఇంట్లో నెట్ కన్నా పెద్ద తగువు ఏదో నడుస్తోందని అప్పుడే అర్థమైంది.

నేను మాస్టారితో ఒక మాట చెప్పాను. పాలవాడి లెక్క క్యాలెండరు మీద రాస్తారు కదా, అలాగే నెట్ పోయిన టైము, వచ్చిన టైము రాయండి, వారం తర్వాత వస్తాను అని. మాస్టారు కదా, గళ్లు గీసి మరీ రాశారు. సోమవారం 1:10 పోయింది, 1:50 వచ్చింది. మంగళవారం 1:25 పోయింది, 2:05 వచ్చింది. రోజూ రాత్రి పదకొండూ పదకొండున్నర మధ్య పోయింది, పొద్దున్న తొమ్మిదికి వచ్చింది. శనివారం, ఆదివారం రోజంతా పోయింది.

ఆ కాగితం చూడగానే మీకేమనిపించింది? (సభలోంచి: "ఆఫీసు టైమ్!") అదీ! భోజనానికి లేస్తే పోతోంది, తిరిగొచ్చి కూర్చుంటే వస్తోంది. ఆ అమ్మాయి పని చేస్తున్నంతసేపూ నెట్ బాగుంటుంది. ఆవిడ అబద్ధం చెప్పలేదు, మాస్టారూ అబద్ధం చెప్పలేదు. ఆవిడ లాప్‌టాప్ మూత మూసినప్పుడు ఇంట్లో నెట్ పోతోంది.

ఆ లాప్‌టాప్‌కి ఆఫీసు వాళ్లు ఒక డాకింగ్ స్టేషన్ ఇచ్చారు. నల్లటి డబ్బా. ఒక్క వైరు లాప్‌టాప్‌కి పెడితే మానిటరు, కీబోర్డు, మౌసు, నెట్ అన్నీ దాంట్లోంచే. దాని నుంచి నెట్ వైరు తిన్నగా రౌటరుకి వెళ్తోంది. మళ్లీ వెళ్లినప్పుడు మూత మూయమన్నాను. నేను వెళ్లి రౌటరు ముందు కింద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. రౌటరు వెనక ఒక్కో వైరు దగ్గరా చిన్న పచ్చ లైటుంటుంది, దాన్నెప్పుడైనా చూశారా? మొదటి రెండు మూడు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత డాక్ వైరు దగ్గర లైటు టపటపటప కొట్టుకోవడం మొదలెట్టింది. లాప్‌టాప్ నిద్రపోతోంది, దాని లైటుకి మాత్రం మూర్ఛ వచ్చింది. హాల్లోంచి మాస్టారు "పోయింది!" అని అరిచారు. ఆ గొంతులో ఎంత సంతోషమో! నేను ఆ వైరు పీకాను. "వచ్చేసింది!" మళ్లీ పెట్టాను. "పోయింది!" మూడుసార్లు చేశాం. నాలుగోసారి వాళ్లావిడ, "పాపం, ఆ అమ్మాయిని ఇక వదిలెయ్యండి" అన్నారు.

ఏం జరిగిందో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. నెట్ వైర్ల భాషలో 1997 నుంచి ఒక సైగ ఉంది. పాజ్ ఫ్రేమ్ అంటారు. "ఆగు, నా చేతులు నిండిపోయాయి, కాసేపు పంపకు" అని చెప్పే సైగ. మర్యాదకి పెట్టిన ఏర్పాటు అది. ఇప్పుడు పంక్తి భోజనం అనుకోండి. వడ్డించేవాడు సాంబారు బకెట్‌తో వస్తున్నాడు. ఒకాయన విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి "ఆగు" అన్నాడు. వడ్డించేవాడు ఆగాడు. ఆయన చెయ్యి తియ్యడు, వీడు కదలడు. వెనక ఉన్న పప్పు బకెట్ ఆగింది, దాని వెనక పెరుగు ఆగింది, పంక్తి మొత్తం ఖాళీ విస్తళ్లు చూసుకుంటూ కూర్చుంది. అసలాయన చెయ్యి అడ్డం పెట్టి నిద్రపోయాడు, అదీ సంగతి.

ఆ డాక్‌లో నెట్ చిప్పుకి కరెంటు ఉంటూనే ఉంటుంది. లాప్‌టాప్ పడుకున్నాక, వచ్చిన సమాచారాన్ని తీసుకునేవాడు లేడు. చిప్పులో ఉన్న చిన్న గిన్నె నిండిపోయింది. నిండగానే ఆగు, ఆగు, ఆగు అని రౌటరు మీద కేకలు. ఒక్కో కేకతో, గిగాబిట్ వైరైతే, ఎక్కువలో ఎక్కువ 33 మిల్లీ సెకన్ల చిల్లర ఆపగలదు. అంటే సెకనుకి ముప్ఫై కేకలు చాలు, శాశ్వతంగా ఆపెయ్యడానికి. అది వందల్లో వేస్తోంది. రౌటరులో ఉన్న జాగా అంతా ఆ ఒక్క గుమ్మం ముందు పేరుకుపోయిన సరుకుతో నిండిపోయింది. టీవీకి చోటు లేదు, వైఫైకి చోటు లేదు. ఇది ఆ ఒక్క డాక్‌కి వచ్చిన రోగం కాదు. ఇదే వరసలో టీవీలు కూడా కొన్ని చేస్తాయి.

మందు చిన్నదే. లాప్‌టాప్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, నెట్‌వర్క్ అడాప్టర్లలో ఆ డాక్ పేరు మీద నొక్కి, అడ్వాన్స్‌డ్ అన్న చోట ఫ్లో కంట్రోల్ అని ఉంటుంది, దాన్ని డిసేబుల్ చెయ్యాలి. ఆఫీసు లాప్‌టాప్ కాబట్టి ఆ అమ్మాయి వాళ్ల ఐటీ వాళ్లని అడిగి చేయించింది, డాక్ లోపల నడిచే సాఫ్ట్‌వేరు, ఫర్మ్‌వేరంటారు, అదీ కొత్తది వేయించింది. ఆ తర్వాత కొన్నాళ్లకి మాస్టారు ఫోన్ చేసి, "కొత్త టీవీ వెనక్కి తీసుకుంటారా?" అని అడిగారు. (నవ్వులు)

వైరు మీద ఇలా ఉంటే గాలి మీద ఇంకోలా ఉంటుంది. ఇక్కడ యూఎస్‌బీ హార్డ్ డిస్క్ ఎవరి దగ్గరుంది? చెయ్యెత్తండి. చాలామందికే ఉంది. లాప్‌టాప్‌లో నీలం రంగు యూఎస్‌బీ రంధ్రం ఉంటుంది, దానికి పెడతాం. డిస్క్ మీద ఫొటోలు కాపీ అవుతుంటే వైర్‌లెస్ మౌసు జెర్కులిస్తుంది. బాణం ఒకచోట ఆగి, గబుక్కున ఇంకోచోటికి దూకుతుంది. వైఫై కూడా సన్నబడుతుంది. మనం ఏం చేస్తాం? మౌసుకి బ్యాటరీ మారుస్తాం. మళ్లీ మారుస్తాం. మౌసుని బల్లకేసి రెండు దెబ్బలు కొడతాం.

యూఎస్‌బీ 3 వైర్లో సమాచారం సెకనుకి 5 గిగాబిట్ల వేగంతో పోతుంది. ఆ పోటుకి వైరు నుంచీ కనెక్టరు నుంచీ రేడియో రొద బయటికొస్తుంది, అది 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర కూడా పడుతుంది. మౌసు మాట్లాడేది అక్కడే, పాత వైఫై మాట్లాడేదీ అక్కడే, బ్లూటూత్‌దీ అదే వీధి. నేను కనిపెట్టింది కాదండీ ఇది, 2012లో ఇంటెల్ వాళ్లే కొలతలు తీసి మరీ చెప్పారు. మందు మీ ఇంట్లోనే ఉంటుంది. మౌసు తాలూకు ఆ గోరంత రిసీవర్ని డిస్క్ పెట్టిన పక్క రంధ్రంలోంచి తీసి, అవతలి వైపు పెట్టండి. కుదరకపోతే మూరెడు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు కొని దూరం జరపండి. మైక్రోవేవ్ పొయ్యిదీ అదే కథ, అది 2.45 దగ్గర తిరుగుతుంది. పెరుగన్నం తినేవాళ్ల ఇంట్లో పెద్ద ఇబ్బంది లేదు, అన్నం వేడి చేసుకునేవాళ్ల ఇంట్లో భోజనాల టైముకి నెట్ నీరసపడుతుంది. ఫోన్నీ టీవీనీ 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చుకుంటే ఈ రెండు గోలలూ దాదాపు పోతాయి. కాకపోతే అది గోడలు అంత బాగా దాటదు. మన పాత ఇళ్ల గోడలైతే మరీనూ.

ఇప్పుడు పక్కింటి టీవీ ఊరంతటి నెట్‌నీ ముంచిన కథ. ఇది మన దగ్గర జరిగింది కాదు. బ్రిటన్‌లో, వేల్స్ అనే చోట, అబర్‌హోసాన్ అని కొండల మధ్య పల్లెటూరు. రోజూ పొద్దున్న ఏడింటికి ఊరంతా బ్రాడ్‌బ్యాండ్ పోయేది. ఒక వారమో నెలో కాదు, 18 నెలలు. ఓపెన్‌రీచ్ అనే కంపెనీ ఇంజనీర్లు వచ్చి కేబుళ్లు మార్చారు. ఏం లాభం లేదు. చివరికి విద్యుత్ రొదని పసిగట్టే స్పెక్ట్రమ్ ఎనలైజర్ అనే పరికరం పట్టుకుని, తెల్లవారుజామున వానలో తడుస్తూ ఊరంతా అటూ ఇటూ నడిచారు. సరిగ్గా ఏడింటికి ఆ పరికరం గగ్గోలు పెట్టింది. వెతుక్కుంటూ వెళ్తే ఒకరింట్లో పాత టీవీ. ఆ ఇంటివాళ్లు రోజూ ఏడింటికి లేచి అది వేస్తున్నారు. వెయ్యగానే దాంట్లోంచి ఒక విద్యుత్ రొద రాగి తీగల్లోకి ఎక్కుతోంది. ఇది 2020లో బయటపడింది. పాపం వాళ్లకి తలకొట్టేసినట్టయింది, ఇక ఆ టీవీ వెయ్యబోమన్నారు.

మీ ఇంటికొచ్చేది ఫైబర్ కాబట్టి ఆ బెడద వీధిలో లేదు. గాజు తీగలో పోయేది వెలుగు, దాన్ని టీవీ రొద ఏమీ చెయ్యలేదు. కానీ ఇంట్లోకి వచ్చాక డబ్బా దగ్గర్నుంచి అంతా రాగీ, గాలే. ఇక్కడ నేను మెచ్చుకునేది ఏంటంటే ఆ ఇంజనీర్లు ఏడింటికి అన్న మాట పట్టుకున్నారు చూడండి, అదే. మా మాస్టారి క్యాలెండరు లాంటిదే. నా అనుభవంలో ఎంత ఖరీదైన పరికరం కన్నా టైము రాసిన కాగితం ముక్క ఎక్కువ పని చేసింది.

అందుకే నాకు ఒక విషయంలో కస్టమర్ కేర్ వాళ్లతో తగువు. ఫోన్ తియ్యగానే "సార్, రౌటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్యండి" అంటారు. చేస్తే బాగవుతుంది. రేపు మళ్లీ పోతుంది. ఆపి వెయ్యడమంటే దొంగతనం జరిగిన గదిని చీపురుతో ఊడ్చెయ్యడం. ఆపే ముందు ఒక్క నిమిషం ఆగి డబ్బా మీద లైట్లు చూడండి, ఫోన్‌తో ఫొటో తియ్యండి. ఎల్‌ఓఎస్ అన్న చోట ఎర్ర లైటుంటే వెలుగు మీ ఇంటిదాకా రావట్లేదు. వైరు తెగింది, లేకపోతే మడత పడింది, అది కంపెనీ వాళ్ల పని, మీరు ఇంట్లో ఏం పీకినా ఉపయోగం లేదు. ఎర్ర లైటు లేకుండా నెట్ లేదంటే, అప్పుడు ఇల్లు కూడా అనుమానితుడే.

ఇంకో చిన్న పరీక్ష. కంప్యూటర్‌లో నల్లటి కమాండ్ కిటికీ తెరిచి పింగ్ అని కొట్టి, మీ రౌటరు నంబరు కొట్టండి. చాలా ఇళ్లలో 192.168.1.1 ఉంటుంది. అది "ఉన్నావా?" అని పిలవడం. రౌటరు ఒకటి రెండు మిల్లీ సెకన్లలో "ఉన్నా" అనాలి. అదే ఇంట్లోంచి పిలిస్తేనే వంద, రెండొందలు పడుతున్నా, మధ్యలో పలక్కపోయినా తగువు మీ ఇంట్లోనే ఉంది. అది బాగా పలికి, 8.8.8.8 అని బయట ఉన్న గూగుల్ వాళ్ల సర్వర్ని పిలిస్తే పలక్కపోతే, అప్పుడు ధైర్యంగా కంపెనీ మీదికి వెళ్లండి. రెండూ పలికి, వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకోకపోతే, పేర్లు నంబర్లుగా మార్చే డీఎన్‌ఎస్ దగ్గర మెలిక ఉంది.

నంబర్ల మాట వచ్చింది కాబట్టి నా పరువు నేనే తీసుకుంటాను. మా ఇంట్లో మేడ మీద వైఫై అందేది కాదు. అటక మీద పాత రౌటరు ఉంది కదా, పైన పెట్టి కింద నుంచి వైరు లాగితే సరి అనుకున్నాను. ఊళ్లో అందరికీ చేసిపెట్టేవాణ్ణి, మా ఇంటికి ఐదు నిమిషాల్లో తగిలించేసి పనికి వెళ్లిపోయాను. వారం బాగుంది. ఒకరోజు కరెంటు పోయి వచ్చింది. అప్పట్నుంచీ నా ఫోన్లో నెట్ ఉంది, మా ఆవిడ ఫోన్లో లేదు. మా అబ్బాయి లాప్‌టాప్‌లో పది నిమిషాలుంటుంది, పది నిమిషాలుండదు. "ఊళ్లో వాళ్లవన్నీ బాగుచేస్తారు, మా ఖర్మ మాత్రం ఇంతే" అని మా ఆవిడ వంటింట్లోంచి అంటూనే ఉంది.

జరిగిందేంటంటే, ఇంట్లో ప్రతి పరికరానికీ రౌటరు ఒక నంబరిస్తుంది. డీహెచ్‌సీపీ అంటారు. కొత్తగా వచ్చిన పరికరం "నాకు నంబరెవరిస్తారు?" అని కేకేస్తుంది. ఎవరు ముందు పలికితే వాళ్లదగ్గర తీసుకుంటుంది. నేను పైన పెట్టిన పాత రౌటరులో ఆ పని ఆపలేదు. కాబట్టి ఇంటికి ఇద్దరు కరణాలయ్యారు. పైగా ఇద్దరి నంబరూ ఒకటే, 192.168.1.1. కరెంటు వచ్చాక అన్నీ ఒకేసారి లేచి నంబర్లడిగాయి. కొన్నింటికి ఈయన ఇచ్చాడు, కొన్నింటికి ఆయన. పైన ఉన్నాయనకి బయటికి దారే లేదు. ఆయన్ని నమ్ముకున్నవాళ్లంతా గోడకి గుద్దుకున్నారు.

నేను మూడు గంటలు ఫైబర్ కంపెనీని తిట్టుకున్నాక గానీ తట్టలేదు. పాత రౌటరుకి 192.168.1.2 అని వేరే నంబరిచ్చి, దాంట్లో డీహెచ్‌సీపీ ఆపేసి, వైరు వ్యాన్ అని రాసి ఉన్న రంధ్రానికి కాకుండా ల్యాన్ రంధ్రంలోనే ఉంచాను. అంతే. మీరు కూడా పాత రౌటరుని బూస్టరుగా వాడాలనుకుంటే ఈ మూడూ ముందే చెయ్యండి. కంప్యూటరుకి వచ్చిన నంబరు 169.254 తో మొదలైందనుకోండి, నంబరిచ్చేవాడు ఒక్కడూ పలకలేదని అర్థం. దానంతట అదే ఏదో ఒక నంబరు రాసుకుంది పాపం.

ప్రింటరు ఆఫ్‌లైన్ అని చూపించడం కూడా చాలాసార్లు ఈ నంబర్ల బాపతే. నిన్న 7 నంబరు ఇంట్లో ఉంది, కరెంటు పోయొచ్చాక 12 లోకి మారింది. కంప్యూటరు ఇంకా 7 తలుపు తడుతోంది. రౌటరులో ఆ ప్రింటరుకి ఒక నంబరు ఖాయం చేసెయ్యండి, అడ్రస్ రిజర్వేషన్ అని ఉంటుంది.

ఇక కెమెరాలు. మన అపార్ట్‌మెంట్‌లో కూడా పెట్టించాలని మాట్లాడుకుంటున్నారని విన్నాను, అందుకని రెండు ముక్కలు. కెమెరా మనకి కిందికి దించుకునేది కాదు, పైకి పంపేది. నాలుగు కెమెరాలు రాత్రీ పగలూ ఎక్కడో ఉన్న సర్వరుకి బొమ్మలు పంపుతుంటే, పైకెళ్లే దారి నిండిపోతుంది. స్పీడ్ టెస్ట్‌లో వంద చూపిస్తుంది, వీడియో కాల్‌లో మాత్రం మీ గొంతు అవతలివాళ్లకి ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. కెమెరా సెట్టింగుల్లో బొమ్మ నాణ్యత తగ్గించండి, లేదా కదలిక ఉన్నప్పుడే పంపమని పెట్టండి, లేదా అక్కడే డీవీఆర్‌లో, అంటే రికార్డు చేసే డబ్బాలో, దాచుకోండి.

రెండో ముక్క ఇంకా ముఖ్యం. పెట్టేవాడు పెట్టి వెళ్లిపోతాడు, పాస్‌వర్డు అడ్మిన్, అడ్మిన్ అనే ఉంటుంది. 2016లో మిరాయ్ అని వైరస్ లాంటి ఒక కంప్యూటర్ పురుగు ప్రపంచమంతా తిరిగింది. దాని దగ్గర అరవై చిల్లర పాత పాస్‌వర్డుల జాబితా ఉండేది, అంతే. కెమెరాల తలుపులూ డీవీఆర్ల తలుపులూ ఒక్కొక్కటే తట్టి చూసేది, తెరుచుకుంటే లోపల కూర్చునేది. ఆ ఏడు అక్టోబరు 21న అలా పోగుచేసిన కెమెరాలన్నీ కలిసి అమెరికాలో డైన్ అనే కంపెనీ మీద పడ్డాయి, ఇందాక చెప్పిన డీఎన్‌ఎస్ పని చేసిపెట్టే కంపెనీ అది. ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి చాలామందికి తెరుచుకోలేదు. ఆ పురుగు పరికరం జ్ఞాపకంలోనే ఉండేది, ఆపి వేస్తే చచ్చేది. పాస్‌వర్డు మార్చకపోతే నిమిషాల్లో మళ్లీ వచ్చి కూర్చునేది. ఆపి వెయ్యమన్న వైద్యం మీద నాకు నమ్మకం ఎందుకు లేదో ఇప్పుడర్థమైందా?

పేరున్న కంపెనీల సరుకైనా తప్పు చెయ్యదని లేదు. 2018 జనవరిలో గూగుల్ క్యాస్ట్ వల్ల చాలా ఇళ్లలో వైఫై కూలబడింది. ఫోను నుంచి టీవీకి బొమ్మ పంపుతాం చూడండి, ఆ సదుపాయం. అది ప్రతి ఇరవై సెకన్లకీ "నేనున్నాను" అని ఇంట్లో ఒక పలకరింపు పంపాలి. పరికరం నిద్రలోకి పోయి లేచినప్పుడు, పడుకున్నంతసేపూ పలకాల్సిన హాజరంతా ఒక్క గుక్కలో పలికేది. ఎంత ఎక్కువసేపు పడుకుంటే అంత పెద్ద గుక్క, లక్ష దాటిన సందర్భాలూ ఉన్నాయి. రౌటరు తట్టుకోలేక పడిపోయేది. గూగుల్ వాళ్లు అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. రౌటర్లు అమ్మినవాళ్లకి మాత్రం తిట్లు మిగిలాయి.

మరి ఇన్నింట్లో దొంగ ఎవరో ఎలా పట్టాలి? ఒక్కొక్కటీ పీకుతూ పోతే పదహారు పరికరాలకి పదహారుసార్లు. సగం పీకండి. తగ్గిందా, దొంగ ఆ సగంలో ఉన్నాడు. తగ్గలేదా, మిగిలిన సగంలో. దాంట్లో మళ్లీ సగం. పదహారైతే నాలుగుసార్లలో తేలిపోతుంది. ఇక్కడ అందరూ చేసే పొరపాటు తొందర. గంటకోసారి పోయే నెట్‌ని ఐదు నిమిషాలు చూసి "తగ్గిపోయింది" అంటారు. గంటకోసారి పోయేదానికి రెండు గంటలైనా ఆగాలి. ఇంకో పొరపాటు, వైరు పీకడంతో పాటు పాస్‌వర్డూ మార్చి, రౌటరు స్థలమూ మార్చి, అప్‌డేటూ వేస్తారు. బాగైతే ఏ మందుకి బాగైందో తెలియదు.

కంప్యూటరు విషయంలోనూ ఇంతే. ఆన్ చేస్తే కంపెనీ బొమ్మ దగ్గరే ఆగిపోయిందా? నల్ల తెర మీద ఆపరేటింగ్ సిస్టమ్ లేదంటోందా? విండోస్ మళ్లీ వెయ్యమని షాపుకి పట్టుకెళ్లకండి. కీబోర్డు, మౌసు తప్ప అన్నీ పీకి ఆన్ చెయ్యండి. మొన్న ఒకరు అలాగే తీసుకొచ్చారు. వెనకాల పెన్‌డ్రైవ్ ఉంది, పెళ్లి పాటలది. కంప్యూటరు దాంట్లో విండోస్ వెతుక్కుంటోంది.

ఇంతేనండీ నా దగ్గరున్నది. ఏమైనా అడగాలంటే అడగండి.

(సభలోంచి ఒక పెద్దావిడ: "రాత్రిళ్లు వైఫై డబ్బా ఆపెయ్యొచ్చా బాబూ?")

ఆపొచ్చమ్మా, దానికేం కాదు. కాకపోతే కెమెరా ఉంటే అదీ పడుకుంటుంది. కొన్ని డబ్బాలు రాత్రిపూటే అప్‌డేట్లు వేసుకుంటాయి, వారానికి ఒకట్రెండు రాత్రులు వదిలెయ్యండి.

(ఇంకొకరు: "మా డబ్బా దానంతట అదే ఆగి ఆన్ అవుతోందండీ. పగలు బాగుంటుంది. రాత్రి అందరం ఇంట్లో ఉన్నప్పుడే. కంపెనీ వాళ్లు డబ్బా మార్చినా అంతే.")

డబ్బా మార్చారు. అడాప్టరు? గోడకి గుచ్చేది, అది మార్చారా?

("లేదండీ. పాతది ఉరుముల్లో కాలిపోతే కరెంటు సామాన్ల షాపులో కొన్నాం. పిన్ను సరిపోయింది.")

పిన్ను సరిపోతుందండీ. అవతల మీ ఫ్లాటేనా? పిల్లాణ్ణి పంపి డబ్బా, అడాప్టరు రెండూ తెప్పించండి.

(కాసేపటికి.) ఇదిగో, మీరు కూడా చూడండి. డబ్బా అడుగున చీటీ మీద ఏముంది? 12 వోల్టులు, 1.5 యాంపియర్లు. అడాప్టరు మీద సన్న అక్షరాలు, ఎవరికైనా కళ్లద్దాలున్నాయా... 12 వోల్టులు, 0.5 యాంపియర్లు. మూడో వంతు. పగలు ఒక ఫోనే కాబట్టి లాగించేస్తోంది. రాత్రి అందరూ ఒకేసారి పడేసరికి వైఫైకి బలం చాలక కూలబడి లేస్తోంది. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, యాంపియర్లు అంతకి తగ్గకూడదు, ఎక్కువున్నా ఫరవాలేదు. నా బ్యాగులో 12 వోల్టులు, 2 యాంపియర్లది ఒకటుంది. ఈ రాత్రికి పెట్టి చూడండి, రేపు పొద్దున్న చెబుదురు గాని.